తుపాను వస్తోందని బోన్సాయ్‌ని ఇంట్లో దాచకండి

బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త రాగానే నా ఫోన్ మోగుతుంది. "బోన్సాయ్‌లన్నీ లోపలికి తెచ్చేశామండీ, ఇంకేం చెయ్యాలి?" అని. విశాఖలో డాబా మీద ఇరవై ఏళ్లుగా వీటిని, అంటే చిన్న కుండీల్లో పొట్టిగా ఉంచే చెట్లను, పెంచుతున్నాను, అడిగినవాళ్లకు నేర్పుతున్నాను. గాలికి విరిగి పోయిన చెట్లకంటే ఇలా ఇంట్లోకి వెళ్లి చచ్చిపోయినవే ఎక్కువ చూశాను.

అపోహ: బోన్సాయ్ సున్నితమైనది, వానా గాలీ తగలకుండా ఇంట్లో పెట్టాలి.

వాస్తవం: మన డాబాల మీద ఉండేవి చాలావరకు జువ్వి, మర్రి, రావి, చింత, కాగితంపూలు. రోడ్డు పక్కన ఎండకూ వానకూ నిలబడే చెట్లే ఇవి. కుండీలో పెట్టినంత మాత్రాన వాటి స్వభావం మారదు. మన కంటికి వెలుతురుగా కనిపించే హాలు చెట్టుకు చీకటే. ఒక రాత్రి, మహా అయితే రెండు రోజులు లోపల ఉంచితే పరవాలేదు. గాలి తగ్గాక కూడా "ఇంకో అల్పపీడనం అంటున్నారు కదా" అని అక్కడే వదిలేస్తారు చూడండి, అసలు నష్టం అప్పుడే.

ఒకావిడ దగ్గర జువ్వి చెట్టు ఉంది. భర్త పెంచింది. ఆయన పోయాక ఆవిడే కంటికి రెప్పలా చూసుకుంటోంది. తుపాను అనగానే పడగ్గదిలో పెట్టి మూడు వారాలు ఉంచేసింది. ఆకులు రాలుతుంటే దాహమేమో అని రెండు పూటలా నీళ్లు పోసింది. వెలుతురు తగ్గితే చెట్టు నీళ్లు తాగడం తగ్గిస్తుంది. మట్టి ఆరదు, వేర్లకు గాలి అందదు, కుళ్లు మొదలవుతుంది. నేను వెళ్లి కుండీలోంచి తీసేసరికి సగం వేర్లు నల్లబడి, పట్టుకుంటే ఊడొచ్చాయి. ఆవిడ ఏడ్చేసింది. "ఇంట్లో పెట్టండి" అని ఎవరో వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ని నమ్మింది పాపం. అలాంటివి పంపేవాళ్ల మీదే నా కోపమంతా.

మరి తుపానుకు ఏం చెయ్యాలి? స్టాండు మీద ఉన్న ప్రతి కుండీనీ నేల మీదకు దించండి. రెండు పిట్టగోడలు కలిసే మూలలో దగ్గర దగ్గరగా పేర్చండి. ఒక గోడ సరిపోదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా ఊరి మీదే తీరం దాటింది. మధ్యలో గాలి కాసేపు ఆగింది, హమ్మయ్య అనుకున్నాం. తర్వాత ఎదురు దిక్కు నుంచి కొట్టింది. ఇనుప స్టాండు మీదే వదిలేసిన నా చింత చెట్టు, అంతవరకూ నిలబడింది కాస్తా, అప్పుడు పడిపోయింది. కుండీ పగిలి వేర్లు రాత్రంతా బయటే ఉండిపోయాయి. దక్కలేదు. చెట్టును కుండీ అడుగు రంధ్రాల్లోంచి తీగతో బిగించి ఉంటే కనీసం వేర్లు కదిలేవి కావు. నీడ కోసం పైన కట్టే షేడ్ నెట్ ముందే విప్పేయండి, లేకపోతే అదే తెరచాపలా లాగేస్తుంది. గాలి తగ్గాక ఆకుల మీద మంచినీళ్లు చల్లి కడగండి. సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు ఆకుల్ని మాడ్చేస్తుంది. కరెంటు పోతే మోటారు ఆడదు కాబట్టి ముందురోజే డ్రమ్ము నింపుకోండి.

రోజుల తరబడి ముసురు పడితే కుండీకి ఒక పక్కన ఇటుక ముక్క పెట్టి వాల్చండి. లోతు తక్కువ కుండీలో అడుగున నిలిచే నీళ్లు కూడా జారిపోతాయి. నర్సరీ నుంచి బంకమట్టితో వచ్చిన చెట్టైతే వాల్చినా పెద్దగా లాభం ఉండదు. సరైన అదను చూసి ముతక ఇసుక, ఇటుక ముక్కలు కలిపిన మట్టిలోకి మార్చాలి.

పాలిథిన్ కవరు కప్పితే చాలంటారు. వద్దు. లోపల ఉక్క పట్టి బూజు వస్తుంది.

మధ్యాహ్నం నీళ్లు పోస్తే వేర్లు ఉడికిపోతాయన్నది ఇంకో అపోహ. ఎండలో పడున్న పైపులోంచి వచ్చే మొదటి నీళ్లు నిజంగానే చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి, అవి పారబోయండి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండు గంటలకు ఆకు వాలిపోతే సాయంత్రం దాకా ఆగకండి, నీడలోకి జరిపి వెంటనే పోయండి. కుండీని కాలిన శ్లాబు మీద నేరుగా పెట్టకండి, కింద చెక్క వేయండి.

చలికాలం చెట్టుకు గడ్డి చుట్టాలన్న వీడియోలు మంచు పడే దేశాలవి. విశాఖకు, విజయవాడకు ఆ టెన్షన్ అక్కర్లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు మాత్రం ఒక మాట: జూనిపర్ అనే చలిదేశపు చెట్టుకు చలికాలపు విశ్రాంతి కావాలి, హీటర్ గదిలో పెట్టకండి. జువ్వి, మర్రి లాంటివే లోపలికి రావాలి.

ఆకులన్నీ రాలాయని పారెయ్యకండి. గోటితో బెరడు కొంచెం గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. ఆవిడ జువ్వికి కాండం మొదలు దగ్గర మాత్రమే పచ్చదనం కనిపించింది. కుళ్లిన వేర్లు కోసేసి, ముతక ఇసుకలో నాటి, నీడపట్టున పెట్టాం. నెల దాటాక ఆ మొదలు దగ్గరే రెండు మొగ్గలు తొంగిచూశాయి. పై భాగం దక్కలేదు. ఆ రెండు కొమ్మలే ఇప్పుడు చెట్టు. మొన్నటి వానలకు అది డాబా మీదే, పిట్టగోడ మూలలో, హాయిగా తడిసింది.