వాసన రాని చావు: నూర్‌మహల్ ఫ్రీజర్ వెనుక కథ

జనవరి ఆఖరి వారం దగ్గరపడితే చాలు, నూర్‌మహల్ ఫ్రీజర్, అంటే పంజాబ్‌లో ఒక గురువు దేహాన్ని ఏళ్లుగా దాచి ఉంచిన ఫ్రీజర్, మళ్లీ ఫోన్లలోకి వచ్చేస్తుంది. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక మామయ్య దాని మీద పాత వీడియో ఒకటి పెట్టారు, కింద "సైన్స్‌కు అందని రహస్యం" అని రాసి. దాని కింద పదకొండు నమస్కారాలు. అవి పెట్టినవాళ్లలో ఇద్దరు డాక్టర్లు, ఒకరు బ్యాంకు మేనేజరు. అదే వీడియో పట్టుకుని బయట కూడా తిట్లూ వాదనలూ మొదలయ్యాయి కాబట్టి సాయంత్రంలోగా నేపథ్యం రాసిమ్మన్నారు, రాస్తున్నాను.

ఆ గురువు అశుతోష్ మహారాజ్ ఎవరు, బిహార్ నుంచి పంజాబ్ ఎందుకొచ్చారు, 1983లో ఆయన ఆధ్యాత్మిక సంస్థ దివ్యజ్యోతి జాగృతి సంస్థాన్ ఎలా పుట్టింది అన్నది ఇప్పటికే బోలెడు మంది రాశారు, వదిలేద్దాం. మనకు కావలసింది ఒక్క రాత్రి. 2014 జనవరి 29, జలంధర్ జిల్లా నూర్‌మహల్. డాక్టర్లు చూసి, ఆయన చనిపోయారని చెప్పారు. సంస్థాన్ మాత్రం ఆయన సమాధి స్థితిలోకి, అంటే లోతైన ధ్యానంలోకి, వెళ్లారని, తిరిగి వస్తారని ప్రకటించింది. దేహాన్ని ఫ్రీజర్‌లో పెట్టారు. అప్పట్నుంచీ అందరూ "ఇది నమ్మకమా, మూఢనమ్మకమా" అని కొట్టుకుంటున్నారు. నన్నడిగితే ఆ వాదన వల్ల ఏమీ తేలదు. చూడాల్సింది ఫ్రీజర్‌ని. అది అర్థం కావాలంటే పంజాబ్ నుంచి బెంగాల్‌కి, 2014 నుంచి 1993కి వెళ్లాలి.

కలకత్తాకు ఉత్తరంగా సుఖ్‌చర్ అనే చోట బాలక్ బ్రహ్మచారి అనే గురువు ఆశ్రమం ఉండేది. ఆయన అనుచరుల సంస్థ పేరు సంతాన్ దళ్, వాళ్ల నినాదం "రామ్ నారాయణ్ రామ్". 1993 మే 5న ఆయన కలకత్తాలో ఆసుపత్రిలో చనిపోయారు. శిష్యులు దేహాన్ని ఆశ్రమానికి తెచ్చుకుని, గురువుగారు నిర్వికల్ప సమాధిలో, అంటే ధ్యానంలో అతి లోతైన స్థితిలో, ఉన్నారు, లేస్తారు అన్నారు. 1967లో కూడా ఇలాగే ఇరవై రెండు రోజులు సమాధిలో ఉండి లేచారని వాళ్లు చెప్పే సాక్ష్యం. ఏసీ గది, ఐసు దిమ్మల మీద దేహం, బయట కాపలా, ఎప్పుడు లేస్తారా అని లోపల భజనలు.

మే నెల, జూన్ నెల, బెంగాల్, ఐసు దిమ్మలు. ఇక నేను వివరించక్కర్లేదు.

అప్పుడు అక్కడ ఉన్నది జ్యోతిబసు నాయకత్వంలోని లెఫ్ట్ ఫ్రంట్ ప్రభుత్వం. భౌతికవాదం మీద శిక్షణా తరగతులు పెట్టే పార్టీ. అయినా యాభై ఐదు రోజులు చేతులు కట్టుకుని కూర్చుంది, ఎందుకంటే సంతాన్ దళ్ వెనుక జనం ఉన్నారు, జనం అంటే ఓట్లు. పత్రికలు రోజూ ఎత్తిపొడిచాయి, హేతువాదులు అడిగారు. చివరికి జూన్ 30 తెల్లవారుజామున భారీగా పోలీసులు ఆశ్రమంలోకి వెళ్లి దేహాన్ని తీసుకొచ్చి దహనం చేయించారు. అప్పటికి దేహం కుళ్లిపోయి ఉంది. నన్నడిగితే ప్రభుత్వాన్ని కదిలించింది పత్రికల సంపాదకీయాల కన్నా ఆ స్థితే. కుళ్లిపోతున్న శరీరం ముందు ఏ ప్రవచనమూ ఎక్కువ రోజులు నిలబడదు. మన ఊళ్లలో పెద్దవాళ్లు "ఇక పొద్దుపోనీయొద్దు, తీసెయ్యండి" అని తొందరపెట్టేది శాస్త్రం కోసం ఎంతో, ముక్కు కోసమూ అంతే.

నా లెక్కలో కథ మలుపు తిరిగింది ఇక్కడే. సుఖ్‌చర్‌లోనూ నూర్‌మహల్‌లోనూ నమ్మకం ఒక్కటే, సమాధి అన్న మాటా ఒక్కటే. చేసిన తీరులో పెద్ద తేడా ఒక్కటి: అక్కడ ఐసు, ఇక్కడ ఫ్రీజర్. ఐసు కరుగుతుంది, గడువు పెడుతుంది. కరెంటు ఉన్నంతకాలం ఫ్రీజర్‌కు గడువు లేదు. యాభై ఐదు రోజుల్లో తెగిపోవాల్సిన కథ పదేళ్లు దాటేసింది.

ఈ ఫ్రీజర్ గురించి నాకు పుస్తకాల్లో కన్నా ఇంట్లోనే ఎక్కువ తెలుసు. మా నాయనమ్మ పోయినప్పుడు బాబాయి డల్లాస్ నుంచి రావాలి. టికెట్ దొరికి, రెండు విమానాలు మారి, హైదరాబాద్‌లో దిగి, కారులో తెనాలి చేరేసరికి రెండు రోజులు పడుతుందన్నారు. ఫ్రీజర్ బాక్స్ అద్దెకు తెచ్చాం. హాల్లో సోఫాలు బయట పెట్టి మధ్యలో ఉంచారు. పక్కింటి నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగాం, ఎందుకంటే మా ఇన్వర్టర్ దాన్ని లాగలేదు. కంప్రెసర్ ఉండుండి గుర్రుమనేది. పైన అద్దానికి లోపల మంచులా, బయట చెమటలా పట్టేది, ఎవరైనా చూడటానికి వస్తే మా అత్త పాత తుండుగుడ్డతో తుడిచేది, "చూడండి, నిద్రపోతున్నట్టే లేదూ" అనేది. నిజంగానే అలాగే ఉంది. రెండో రోజు మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు ఇంట్లో వచ్చిన టెన్షన్ మాత్రం నాకు ఇప్పటికీ గుర్తే, అందరం జనరేటర్ కోసం పరుగులు పెట్టాం. "అమ్మ లేచి కూర్చుంటుందేమో" అని ఒక్కరూ అనలేదు, అందరి భయం ఇంకోటి.

మేం ఆగింది కొడుకు కోసం. నూర్‌మహల్‌లో ఆగింది చనిపోయిన మనిషి కోసమే.

సంస్థాన్ వాదన ఏమిటంటే, మహారాజ్ హిమాలయాల్లో సున్నా కంటే తక్కువ చలిలో ధ్యానం చేసినవారు, కాబట్టి ఆయనకు అలాంటి వాతావరణమే కావాలి, ఫ్రీజర్ అందుకే. తెలివైన మాటే. దేహం చెడకుండా ఉంటే సమాధికి రుజువు, ఫ్రీజర్ ఎందుకంటే హిమాలయం. ఇంతకీ రుజువు ఎలా తప్పుతుంది? ఏ ఫ్రీజర్‌లో పెట్టినా ఎవరి శరీరమైనా అంత త్వరగా చెడదు కదా, మా నాయనమ్మది చెడిందా?

శరీరం సంగతి చూద్దాం. రక్తప్రసరణ ఆగిన కొన్ని నిమిషాలకే మెదడులో కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. తర్వాత గడ్డకట్టిస్తే, మన కణాల్లో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి ఆ నీళ్లు మంచు స్ఫటికాలుగా మారి కణాల పొరల్ని చీల్చేస్తాయి. ఫ్రీజర్‌లో పెట్టి తీసిన టమాటా మెత్తబడి నీళ్లు కారడం వంటింట్లో అందరూ చూసిందే. ఫ్రీజర్ చావును ఆపదు, చావు పనిని నెమ్మదిగా జరిగేలా చేస్తుంది, అంతే.

అమెరికాలో కొందరు ఇదే పనిని సైన్స్ పేరుతో చేస్తున్నారు కదా అని గ్రూపులో ఒకాయన అడిగారు. చేస్తున్నారు. 1967 జనవరి 12న చనిపోయిన జేమ్స్ బెడ్‌ఫోర్డ్ అనే సైకాలజీ ప్రొఫెసర్ దేహం ఇప్పటికీ ద్రవ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల దగ్గర, అరిజోనాలో ఉంది. మంచు స్ఫటికాలు ఏర్పడకుండా రసాయనాలు ఎక్కించే పద్ధతులు తర్వాత వచ్చాయి, ఆయన వేళకి అవీ సరిగ్గా లేవు. అలా దాచిన మనిషిని ఒక్కరిని కూడా ఇంతవరకు ఎవరూ లేపలేదు. 1970ల చివర్లో కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్ శ్మశానంలో నేలమాళిగలో దాచిన దేహాలు, డబ్బు కట్టేవాళ్లు లేక, కరిగి కుళ్లిపోయినట్టు బయటపడింది. అమరత్వానికి నెలనెలా బిల్లు ఉంటుంది, అది కట్టడానికి బతికున్నవాళ్లు కావాలి. కానీ వాళ్లకి ఒక్క విషయంలో మార్కులు వేస్తాను: డాక్టరు చావును ధ్రువీకరించి, చట్టం ఒప్పుకున్నాకే వాళ్లు పని మొదలుపెడతారు. చచ్చిపోయాడు, ఎప్పటికైనా లేపగలమేమో, అంటారు. నూర్‌మహల్ చెప్పేది అసలు చచ్చిపోలేదు అని. ఈ రెండూ ఒకటి కావు.

ఇప్పుడు కోర్టు సంగతి, ఎందుకంటే గ్రూపుల్లో "హైకోర్టే ఒప్పుకుంది" అనే మాట తిరుగుతోంది. హైకోర్టు ఏం ఒప్పుకుందో జాగ్రత్తగా చదవాలి. ఒకప్పుడు ఆయన దగ్గర డ్రైవరుగా పనిచేసిన వ్యక్తి ఒకరు పంజాబ్ హర్యానా హైకోర్టుకు వెళ్లారు, ఆస్తుల కోసమే చావును దాస్తున్నారన్నది ఆయన ఆరోపణ. సంస్థాన్ దాన్ని కొట్టిపారేసింది. బిహార్ నుంచి ఇంకొకాయన వచ్చి నేను కొడుకుని, మా నాన్నకు దహన సంస్కారం చేసుకోనివ్వండి అన్నారు. ఆయన కోరింది నిధి కాదు, నిప్పు. ఈ గొడవ మొత్తంలో నన్ను ఆపి చదివించిన మనిషి ఆయనే. కొడుకో కాదో నాకు తెలియదు, కోర్టు ఆ కేసులో ఆ హక్కును ఒప్పుకోలేదు. కానీ ఎవరి తండ్రో అయిన మనిషిని పెట్టెలో పెట్టి, ఆయన ఎవరికీ తండ్రి కాదు అందరికీ గురువు అని తాళం వేయడం ఎలాంటి విషయమో ఆ పిటిషన్ ఒక్కటే బయటికి చెప్పింది.

2014 డిసెంబరు 1న జస్టిస్ ఎం.ఎం.ఎస్. బేడీ పదిహేను రోజుల్లో దహనం చేయాలని ఆదేశించారు. నూర్‌మహల్‌కు భక్తులు కదిలారు, పోలీసులు దిగారు, సుఖ్‌చర్ మళ్లీ జరుగుతుందేమో అనిపించింది. జరగలేదు. గడువు ముగిసే లోపు అదే హైకోర్టులో ఇద్దరు జడ్జిల డివిజన్ బెంచ్ స్టే ఇచ్చింది. 2017 జులై 5న దహనం ఆదేశాన్ని కొట్టేసి, దేహాన్ని భద్రపరుచుకోవచ్చని, డాక్టర్లు అప్పుడప్పుడు వెళ్లి పరీక్షించాలని చెప్పింది. శవాన్ని ఇన్ని రోజుల్లో దహనం చేసి తీరాలని మన దగ్గర చట్టం ఏదీ లేకపోవడం సంస్థాన్‌కు కలిసొచ్చింది. అంటే దాచుకోవడానికి అడ్డేమీ లేదని కోర్టు చెప్పింది, ఆయన బతికున్నాడని చెప్పలేదు. వాట్సాప్‌లో ఈ రెండో వాక్యం ఎక్కడో రాలిపోయింది.

చావంటే ఏమిటో మాత్రం చట్టంలో ఉంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం, ప్రాణానికి సంబంధించిన ఆనవాళ్లన్నీ శాశ్వతంగా మాయమవడమే మరణం. ఆ "శాశ్వతంగా" అన్న ఒక్క మాట మీదే సంస్థాన్ కూర్చుంది. శాశ్వతమని మీకెలా తెలుసు, ఇంకా టైముంది కదా అంటుంది. ఇరవై ఒక్క రోజుల్లో మరణాన్ని నమోదు చేయించడానికి మునిసిపల్ ఆఫీసు చుట్టూ, పేరులో ఒక అక్షరం తప్పు పడితే మళ్లీ దాని చుట్టూ తిరిగే మనకు ఈ వెసులుబాటు ఎవరిస్తారు?

గ్రూపులో నమస్కారాలు పెట్టినవాళ్లకి గట్టిగా గుర్తుచేయాల్సింది ఇంకోటి ఉంది. "మన సంప్రదాయంలోనూ జీవసమాధులున్నాయిగా" అన్నారు. ఉన్నాయి. మంత్రాలయంలో 1671లో రాఘవేంద్ర స్వామి బృందావన ప్రవేశం చేశారని చెబుతారు. కడప జిల్లా కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మం గారిది ఉంది. ఆయన సమాధిలోకి వెళ్లే ముందు సిద్ధయ్యను పూల కోసం బనగానపల్లె పంపించారని, సిద్ధయ్య తిరిగొచ్చేసరికి అంతా అయిపోయిందని మా ఊళ్లో హరికథ చెప్పేవాళ్లు దీర్ఘం తీసి ఏడిపించేవారు. ఆ కథలు నమ్మినా నమ్మకపోయినా ఒక సంగతి గమనించండి. అక్కడ గురువు చెప్పి వెళ్తాడు, పైన రాయి పడుతుంది, మళ్లీ ఎవరూ తీసి చూడరు. శిష్యుడు ఏడుస్తాడు, లేచి తన పని తను చేసుకుంటాడు. సమాధి అంటే అప్పగించడం. మట్టికి అప్పగించనిది, నిప్పుకి అప్పగించనిది, కంప్రెసర్‌కి అప్పగించింది మన సంప్రదాయం ఎలా అవుతుంది? నాస్తికుడిని నేను, ఈ మాట భక్తులు అనాల్సింది.

2024 జనవరి చివర్లో లక్నోలో మహారాజ్ శిష్యురాలు ఒకరు, గురువును వెనక్కి తెస్తానని తానూ సమాధిలోకి వెళ్లారని ఆమె అనుచరులు ప్రకటించారు. ఒక ఎదురుచూపు ఇంకో ఎదురుచూపును కంది. ఇప్పుడు తిరుగుతున్న వీడియోల్లో ఈ రెండు కథలూ కలిసిపోయి ఎవరు ఎవర్ని లేపుతున్నారో కూడా తెలియకుండా ఉన్నాయి. సంస్థాన్ మాత్రం ఇన్నేళ్లూ ఆగలేదు, సత్సంగాలు, శిబిరాలు, ప్రచారం అన్నీ ఆయన పేరుతోనే. పోయిన గురువుకి వారసుడు కావాలి, ధ్యానంలో ఉన్న గురువుకి అక్కర్లేదు. ఇంతకన్నా నేను అనను, ఆస్తుల లెక్కలు నా దగ్గర లేవు.

బాబాయి మూడో రోజు పొద్దున్నే దిగాడు. బూట్లు కూడా విప్పకుండా వచ్చి అద్దం మీద చెయ్యి పెట్టి, చల్లగా ఉందని తీసేశాడు. పది గంటలకల్లా అంతా కదిలింది. మేం శ్మశానం నుంచి తిరిగొచ్చేసరికి బాక్స్ కుర్రాడు గుమ్మం దగ్గర ఆటో ట్రాలీతో నిలబడి ఉన్నాడు. ప్లగ్గు తీసి, లోపల చేరిన నీళ్లు పెరట్లో పారబోసి, ఫినాయిల్ గుడ్డతో తుడిచి, "సంతకం పెట్టండి సార్, చెంచుపేటలో ఇంకో ఇంటివాళ్లు ఎదురుచూస్తున్నారు" అన్నాడు.