‘స్త్రీ ద్వేషి’ అన్న ముద్ర వెనుక కథ

హనుమకొండ బస్టాండులో ములుగు బస్సు మెట్ల మీద వేలాడుతున్న కాలేజీ పిల్లల ఫొటో పెట్టి, ‘ఈ రూటులో బస్సులు పెంచండి’ అని ఒకాయన మా వాట్సాప్ గ్రూపులో రాశారు. తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి ఉచిత ప్రయాణాన్ని తప్పుపట్టే మాట ఆ రాతలో ఒక్కటీ లేదు. అయినా రెండో జవాబులోనే ఆయనను ‘స్త్రీ ద్వేషి’ అన్నారు. కాసేపటికి మరొకరు, ఆ ఉచిత ప్రయాణానికి ఇచ్చే జీరో టికెట్ తీసుకునే ఆడవాళ్లను ఇక్కడ రాయలేని మాటతో తిట్టారు. ఆయనకూ అదే ముద్ర వేశారు. ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టే అలవాటు ఒక్కరోజులో వచ్చింది కాదు.

ఓరుగల్లు రాజకీయాల్లో ముద్రలు కొత్త కాదు. తెలంగాణ ఏర్పాటుపై కేంద్రం 2009 డిసెంబరు ప్రకటన వెలువడి, వెనక్కిపోయిన తర్వాత ఊరూరా వినిపించిన ‘తెలంగాణ ద్రోహి’ అన్న మాట, ఉద్యమానికి నిజంగా అడ్డుపడినవారితో పాటు, ఉద్యమం తీరుపై ఒక ప్రశ్న వేసినవారికీ తగిలింది. ఉద్యమం న్యాయమైనదే, ఆ మాట వాడిన తీరు మాత్రం అన్నిసార్లూ న్యాయంగా లేదు. 2014లో రాష్ట్రం వచ్చింది, 2016 తర్వాత డేటా చౌకై హోటల్ బల్ల మీది వాదన ఫోనులోకి చేరింది, ముద్రలు మారాయి.

‘స్త్రీ ద్వేషం’ అన్న మాట రాజకీయాల్లో ప్రపంచమంతా మోగింది 2012 అక్టోబరు 9న. ఆస్ట్రేలియా పార్లమెంటులో నాటి ప్రధాని జూలియా గిలార్డ్ ప్రతిపక్ష నేత టోనీ అబాట్‌పై ఆ ఆరోపణ చేశారు. ఆమె ప్రసంగం బలమంతా ఆధారాల్లో ఉంది: అబాట్ అంతకుముందు అన్న మాటలను ఒక్కొక్కటిగా సభలో చదివి వినిపించారు. ఆ తర్వాత అక్కడి మాక్వారీ నిఘంటువు ఈ పదానికి ద్వేషంతో పాటు, స్త్రీల పట్ల పాతుకుపోయిన చిన్నచూపు అన్న అర్థాన్నీ చేర్చింది. అర్థం విస్తరించినకొద్దీ రుజువు బాధ్యత పెరగాలి. మన దగ్గర జరిగింది అందుకు విరుద్ధం.

అలాగని ఆరోపణలన్నీ కట్టుకథలని కొట్టిపారేయడం ఘోరమైన తప్పు. 2019 లోక్‌సభ ఎన్నికల సమయంలో 95 మంది భారతీయ మహిళా నేతలను ఉద్దేశించిన ట్వీట్లను మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ పరిశీలిస్తే, వాటిలో 13.8 శాతం అభ్యంతరకరమైనవో దూషణతో కూడినవో అని తేలింది. 2012 ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత 2013లో వచ్చిన చట్టం, ఒక మహిళను ఇంటర్నెట్‌లో వెంటాడి గమనించడాన్ని కూడా నేరం చేసింది. అటువంటి కేసులో బాధితురాలు స్క్రీన్‌షాట్లు దాచుకుని, తేదీలు రాసుకుని, పోలీసు స్టేషన్ మెట్లెక్కి ప్రతి మాటకూ రుజువు చూపాల్సి వస్తుంది. ఆమె అంత కష్టపడి నిరూపించే మాటనే పార్టీల అభిమానులు, ఏ జెండా వారైనా, ఎదుటివారి నోరు మూయించడానికి ఉత్తపుణ్యానికి విసురుతున్నారు. నాకు బాధ కలిగించేది ఇదే.

ములుగు బస్సు చర్చలో ‘ఆయన ఏ మాట అన్నారు?’ అని ఒక్కరూ అడగలేదు. ఫొటో పెట్టిన ఆయన మర్నాడు గ్రూపులోంచి తప్పుకున్నారు. ఆడవాళ్లను తిట్టిన వ్యక్తి ఇంకా అందులోనే ఉన్నారు.