ఉలిపికట్టె కిరణాలు

"పాత లెన్సులకి ఏదో క్యారెక్టర్ ఉంటుందంటారు. అది నిజమా, లేక పెట్టిన డబ్బుకి చెప్పుకునే సమర్థింపా?" అని ఒక పాఠకుడు అడిగాడు. ఆయన దగ్గర రేంజ్‌ఫైండర్ కెమెరా (చూసే కిటికీలో రెండు బొమ్మలు కలిపి ఫోకస్ చేసే రకం) ఉంది, దానికి 50 మి.మీ. లెన్స్ కొనాలట. మూలమూలనా పదునుగా తీసేది వద్దు, ఆ పని ఫోన్ చేస్తోంది, కాస్త వ్యక్తిత్వం ఉన్నది చెప్పమన్నాడు.

రెండూ నిజమే. సమర్థింపు సంగతి ఆయన చూసుకుంటాడు, క్యారెక్టర్ సంగతి నేను చెబుతాను.

బడి పుస్తకంలో కుంభాకార కటకం బొమ్మ గుర్తుందా? సమాంతరంగా వచ్చిన కిరణాలన్నీ బుద్ధిగా ఒకే బిందువులో కలుస్తాయి. పాఠం చెప్పే రోజుల్లో నేనూ నల్లబల్ల మీద అదే గీశాను. ఏ గీతైనా పక్కకి పోతే చెరిపి, కలిసేలా మళ్లీ గీశాను. చెరపకుండా ఉండాల్సింది! గోళంలోంచి కోసినట్టుండే గాజు ఉపరితలం కిరణాలన్నిటినీ ఒకచోట చేర్చలేదు. మధ్య నుంచి వెళ్లినవి ఒకచోట కలుస్తాయి. అంచు నుంచి వెళ్లినవి ఎక్కువగా వంగి, లెన్స్‌కి ఇంకాస్త దగ్గరలోనే కలిసిపోతాయి. అందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. దీనికి గోళీయ విపథనం అని పేరు. లెన్స్ తయారుచేసేవాళ్లు వ్యతిరేక దోషం ఉన్న గాజులు జోడించి దీన్ని చాలావరకు సరిదిద్దుతారు, కానీ పూర్తిగా కాదు. ఆ మిగిలిన కాస్తే మన కథంతా.

ఒక మొహం సరిగ్గా ఫోకస్‌లో ఉందనుకోండి. దాని వెనకాల, దూరంగా ఒక దీపం. ఆ దీపం కాంతి ఫిల్మ్ దాకా రాకముందే కలిసి, మళ్లీ విచ్చుకుంటూ వచ్చి, ఫిల్మ్ మీద గుండ్రటి మరకలా పడుతుంది. ఉలిపికట్టె కిరణాలు అన్నిటికన్నా ముందే కలిశాయి కదా, అందుకే ఫిల్మ్ చేరేసరికి అన్నిటికన్నా ఎక్కువ దూరం చెదిరిపోయి, మరక అంచున పలచబడిపోతాయి. నడుమ చిక్కగా, అంచుకి పోనుపోను కరిగిపోయే మరక మిగులుతుంది. వెనకాల కనిపించే చెట్లూ గోడలూ అన్నీ ఇలాంటి మరకల కుప్పే కాబట్టి, మొత్తం నేపథ్యం తడి కాగితం మీద రంగు పాకినట్టు మెత్తగా కనిపిస్తుంది. జపాన్ వాళ్ల మాట అరువు తెచ్చుకుని ఫొటోగ్రాఫర్లు బొకే అనేది ఈ మసక తీరునే.

మొహానికి ముందున్న ఆకు సంగతి వేరు. దాని కాంతి ఇంకా కలవకముందే ఫిల్మ్ అడ్డు తగులుతుంది. అప్పుడు అంచు కిరణాలు మరక చుట్టూ గట్టుకట్టినట్టు పోగవుతాయి, ఆకు చుట్టూ మొరటు గీత వస్తుంది. దోషాన్ని సరిదిద్దబోయి అవతలి వైపుకి లాగేసిన లెన్సుల్లో ఇదంతా తిరగబడుతుంది: ముందు మెత్తన, వెనక సబ్బు బుడగలు. వెనక దీపాలన్నీ రింగులుగా వస్తే ఆ లెన్స్ ఏ జాతిదో ఇక డబ్బా చూడక్కర్లేదు.

ఫోకస్‌లో ఉన్న చోట కూడా ఉలిపికట్టెలు ఊరుకోవు. పదునైన బొమ్మ మీద పల్చటి తెరలా పరుచుకుంటాయి. అదే ఆ పేరుమోసిన 'గ్లో'. ఏదో అరుదైన గాజు వల్లనో, ఫలానా ఏడాది తయారీ వల్లనో వస్తుందని నమ్మేవాళ్లున్నారు, వాళ్లకో దండం. ఈ చెదురు అపర్చర్ (లెన్స్‌లో కాంతి దూరే రంధ్రం) వ్యాసానికి ఘనంలో మారుతుంది. ఎఫ్ కింద అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది: ఎఫ్/1.5 నుంచి ఎఫ్/3కి దింపితే వ్యాసం సగం, చెదురు ఎనిమిదో వంతు. అపర్చర్ దించగానే లెన్స్ ఆత్మ పోయిందని వాపోతారు. పోయింది ఆత్మ కాదు, ఎనిమిదింట ఏడు వంతుల చెదురు.

ఈ కథకి నాయకుడు సోనార్ అనే లెన్స్, ఆ మిగిలిన కాస్త దోషం దీంట్లో బాగా తెలుస్తుంది. 1932లో వచ్చిన కాంటాక్స్ కెమెరా కోసం జర్మన్ కంపెనీ జైస్‌లో లుడ్విగ్ బెర్టెలె రూపొందించిన ఎఫ్/1.5 లెన్స్‌లో ఏడు గాజులుంటాయి, అవి మూడు ముద్దలుగా అతికించి ఉంటాయి. అంటే గాలి తగిలే ముఖాలు ఆరే. పూత లేని ఒక్కో ముఖం కనీసం 4 శాతం కాంతిని వెనక్కి కొడుతుంది. ఆరు ముఖాలు దాటితే 78 శాతం మిగులుతుంది, ఇంకో ముద్ద చేరి ఎనిమిదైతే 72. ఇది పెద్ద తేడా కాదు. అసలు తంటా రెండు ముఖాల మధ్య తిరిగి తిరిగి ఫిల్మ్ మీద పడే దొంగ వెలుగుతో. ఆరు ముఖాల్లో జంటలు 15, ఎనిమిదిలో 28! జైస్‌లోనే అలెగ్జాండర్ స్మకులా 1935లో కాంతి ప్రతిఫలనాన్ని అణిచే పూత కనిపెట్టేదాకా అతికించడమే దారి. పూత వచ్చాక, తర్వాత ఎస్ఎల్ఆర్‌లు (లోపలి అద్దం సాయంతో లెన్స్‌లోంచే చూసే కెమెరాలు) వచ్చాక, డబుల్ గాస్ రకం (అపర్చర్‌కి అటూ ఇటూ గాజులు దాదాపు సమానంగా అమర్చినది) గెలిచింది. సోనార్ వెనక గాజు ఫిల్మ్‌కి మరీ దగ్గర, ఎస్ఎల్ఆర్ అద్దం తిరగడానికి చోటుండదు. రేంజ్‌ఫైండర్‌లో అద్దమే లేదు కాబట్టి అక్కడ బతికిపోయింది.

అయితే రేంజ్‌ఫైండర్ లెన్స్‌లోంచి చూడదు. రెండు బొమ్మలు కలిశాయంటే లెన్స్ వెనక కామ్ (ఫోకస్ తిప్పితే జరిగి కెమెరాకి దూరం చెప్పే భాగం) ఫలానా చోట ఉందని మాత్రమే అర్థం. అపర్చర్ దించగానే ఉలిపికట్టెలు బయటికి పోతాయి, మిగిలిన మధ్య కిరణాలు ఇంకాస్త వెనక కలుస్తాయి, ఫోకస్ జరిగిపోతుంది. కెమెరాకి ఆ సంగతే తెలియదు. స్కేలుని 45 డిగ్రీల వాలులో, మీటరు దూరంలో పెట్టి చూశాను. 15 అంకె మీద బొమ్మలు కలిపి, పూర్తిగా తెరిచి ఒకటి, ఎఫ్/2.8లో ఒకటి తీశాను. మొదటిదాంట్లో 15 చుట్టూ సన్నటి తెర, అయినా గీతలు లెక్కపెట్టొచ్చు. రెండోదాంట్లో 17 కత్తిలా ఉంది, 15 మసక. వాలు లెక్కేస్తే ఫోకస్ దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు వెనక్కి జరిగింది. మీటరు దూరంలో ఎఫ్/1.5కి ఫోకస్ లోతు మొత్తమే మూడున్నర సెంటీమీటర్లు. ఎఫ్/8కి వెళితే లోతు పెరిగి తప్పు దాగిపోతుంది.

ఇక ఏది కొనాలి? చీకట్లో దీపాలు, మొహాలు తీసేవాళ్లకి సోనార్ జాతి: జైస్ సి సోనార్ కొత్తది, సోవియట్ జూపిటర్-3, జూపిటర్-8 పాతవి. సోవియట్ ప్రమాణం లైకా రేంజ్‌ఫైండర్ కెమెరాలతో సరిగ్గా కలవదు, దగ్గరి ఫోకస్ తరచు తప్పుతుంది, అందుకే స్కేలు పరీక్ష చేయకుండా డబ్బివ్వకండి. ఏ అపర్చర్‌లోనైనా ఒకేలా ఉండాలంటే ప్లానార్, సుమిక్రాన్ లాంటి డబుల్ గాస్ ఎఫ్/2 లెన్సులు. అవి మంచివే, నాకు మాత్రం వాటితో కబుర్లు సాగవు.

నేను సోనారే వాడతాను. ఎఫ్/2.8లో దగ్గరి మొహం తీసేటప్పుడు కళ్ల మీద బొమ్మలు కలిపి, ఊపిరి బిగబట్టి, ఒకటిన్నర సెంటీమీటర్లు వెనక్కి వాలి నొక్కుతాను.