దవడ బంతులు, గడ్డం స్ప్రింగులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: దవడ వ్యాయామానికని అమ్మే సిలికాన్ బంతి కొరుకుతూ ఉంటే డబుల్ చిన్ (గడ్డం కింద వేలాడే మడత) కరిగిపోతుంది.

వాస్తవం: పళ్లు గట్టిగా బిగించి, చెవి కింద దవడ మూలన వేలు పెట్టి చూడండి. ఉబికి తగిలేది నమిలేటప్పుడు దవడను మూసే మాసెటర్ కండరం. బంతి పనిచెప్పేది దానికీ, కణతల మీది టెంపొరాలిస్ కండరానికీ. గడ్డం కింద పేరుకున్న కొవ్వుకీ వీటికీ సంబంధం లేదు. ఒకచోట కండరాన్ని ఆడించినంత మాత్రాన అక్కడి కొవ్వు కరగదు. పైగా మాసెటర్ పెరిగితే ముఖం కింది భాగం వెడల్పవుతుంది. ఆ వెడల్పు తగ్గించుకోవడానికే మాసెటర్‌లో బొటాక్స్ (కండరాన్ని సడలించే ఇంజెక్షన్) వేయించుకునేవాళ్లున్నారు! చదరపు దవడే కావాలనుకునే కుర్రాళ్ల సంగతి వేరు, కానీ వాళ్లకీ ఒక చిక్కు ఉంది. ఈ బంతులు చాలావరకు ముందు పళ్ల మధ్య పెట్టుకునేవి. ముందు పళ్లు ఒంటి వేరుతో, కోయడానికి ఉన్నవి. నమిలే భారం మోసేవి వెనక దంతాలు. కొరికే చోటు ముందుకు జరిగేకొద్దీ అంతే బలానికి దవడ కీలు మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. రోజూ వందలసార్లు నొక్కితే పన్ను కదలడం, క్యాప్ ఊడడం, చెవి ముందు నొప్పితో టక్కుమని శబ్దం రావడం మొదలుకావచ్చు. నిద్రలో పళ్లు కొరికే అలవాటున్నవాళ్లు దీని జోలికి పోవద్దు. వాళ్ల మాసెటర్ ఇప్పటికే రాత్రంతా పనిచేస్తోంది.

డబుల్ చిన్ అందరికీ కొవ్వు వల్లే రాదు. దవడ ఎముక వెనక్కి ఉన్నా, చర్మం సడలినా అలాగే కనిపిస్తుంది. మెడ ముందు ఉబ్బు గుటక వేసినప్పుడు పైకి కదిలితే అది థైరాయిడ్ కావచ్చు, డాక్టర్‌కి చూపించండి.

అపోహ: ముఖ వ్యాయామంతో వయసు తగ్గుతుందని పరిశోధనలో తేలిపోయింది.

వాస్తవం: ముఖ వ్యాయామ పరికరాలు అమ్మేవాళ్లు చూపించేది 2018లో అమెరికాలో వచ్చిన ఒక చిన్న అధ్యయనం. 40 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లు, చివరిదాకా ఉన్నది 16 మంది. రోజుకు అరగంట చొప్పున 8 వారాలు, తర్వాత రోజు విడిచి రోజు 20వ వారం దాకా చేశారు. బుగ్గలు కాస్త నిండాయి. పోల్చి చూడడానికి వ్యాయామం చేయని మరో బృందం లేదు. ఇంకో మాట, వాళ్లు చేసింది చేతివేళ్లతో, ఏ పరికరమూ వాడలేదు.

అపోహ: మూతి వంకర పోతే చూయింగ్ గమ్ నమలాలి, బెలూన్లు ఊదాలి.

వాస్తవం: నమలడం ఐదో కపాల నాడి (మెదడు నుంచి నేరుగా వచ్చే నరం) పని. ముఖం ఒక పక్క పడిపోయే బెల్స్ పాల్సీలో దెబ్బతినేది ఏడోది. గమ్ ఎంత నమిలినా పడిపోయిన కండరానికి కబురు అందదు. మొదటి 72 గంటల్లో డాక్టర్ రాసే స్టెరాయిడ్ మాత్రలే ఇక్కడ ముఖ్యం. కన్ను మూతపడకపోతే పగలు చుక్కలు, రాత్రి టేపు వేయాలి. బలవంతంగా మూతి బిగించి ఊదుతూ పోతే, నాడి కోలుకునేటప్పుడు ఒక కదలికకు ఇంకోటి తప్పుగా జతపడి, నవ్వితే కన్ను మూసుకుపోవడం లాంటివి గట్టిపడవచ్చు. అద్దం ముందు చిన్నగా, నెమ్మదిగా, రెండు వైపులూ సమానంగా కదిలించడమే సరైన పద్ధతి.

అపోహ: గడ్డం కింద పెట్టి నొక్కే స్ప్రింగు మెడనొప్పి తగ్గిస్తుంది.

వాస్తవం: అది పనిచెప్పేది ఎక్కువగా గడ్డానికీ గొంతుకీ మధ్య ఉన్న కండరాలకు. ఇదే కదలికను ఫిజియోథెరపీలో మింగుడు ఇబ్బంది ఉన్నవాళ్లకు గడ్డం కింద 12 సెంటీమీటర్ల గాలి బంతి పెట్టి చేయిస్తాం, అక్కడ ఉపయోగం ఉంది. మెడనొప్పివాళ్లలో తరచు బలహీనపడేవి వెన్నుపూసల ముందు అంటుకుని ఉండే లోతు కండరాలు. వీటికి డయల్ ఉన్న బీపీ పట్టీ చాలు (డిజిటల్ మిషన్ పనికిరాదు). వెల్లకిలా పడుకుని పట్టీని మడిచి మెడ ఒంపు కింద పెట్టి డయల్ ముల్లు 20 చూపేదాకా గాలి కొట్టండి. తల ఎత్తకుండా, మెల్లగా తలూపినట్టు గడ్డం లోపలికి దించి 22కి తెచ్చి 10 సెకన్లు ఆపండి. పదిసార్లు వణుకు లేకుండా వస్తేనే 24కి వెళ్లండి. అలా రెండేసి పెంచుతూ 30 దాకా. మెడ పక్క కండరాలు తాళ్లలా లేచాయంటే బలం వేరేచోట నుంచి వస్తోందని అర్థం, ఒక మెట్టు దిగండి.

అపోహ: ముఖ కండరాలకు సన్నని కరెంటు పంపే మిషన్ ఇంట్లో ఎవరైనా వాడొచ్చు.

వాస్తవం: పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్లు వాడకూడదు. మెడ ముందు భాగంలో ప్యాడ్ అసలు పెట్టవద్దు. మెడలోని పెద్ద రక్తనాళం మీద ఉండే కరోటిడ్ సైనస్‌పై కరెంటు పడితే గుండె వేగం పడిపోవచ్చు, గొంతు కండరాల మీద పడితే అవి బిగుసుకోవచ్చు.

అపోహ: గుట్కా మానేస్తే నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

వాస్తవం: నోరు తెరిపించే పరికరం నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. గుట్కా, వక్క వల్ల నోటి లోపలి పొర పీచులా గట్టిపడితే మానేసినా ఆ పీచు పోదు, సాగదీయాలి. మొదట నోరు వీలైనంత తెరిచి, పై, కింది ముందు పళ్ల అంచుల మధ్య దూరం స్కేలుతో కొలిచి రాసుకోండి. మామూలుగా 40 మిల్లీమీటర్లు లేదా అంతకు పైన ఉంటుంది. 35 కన్నా తగ్గితే ఇబ్బందే. పరికరం కొనలేకపోతే చెక్క ఐస్‌క్రీం పుల్లలు పేర్చి వెనక దంతాల మధ్య పెట్టండి. లాగుతున్నట్టు అనిపించాలి, నొప్పి పుట్టకూడదు. 7 సెకన్లు ఆపి వదలండి, అలా 7 సార్లు, రోజుకు 7 విడతలు. సులువనిపించాకే ఇంకో పుల్ల చేర్చండి. స్క్రూ తిప్పే రకం పరికరాన్ని ముందు పళ్ల మీద బలంగా తిప్పితే పళ్లు వదులవుతాయి. కారం తగిలితే మంట, బుగ్గ లోపల తెల్లబారడం ఉంటే దంతవైద్యుడికి చూపించాకే సాగదీయడం మొదలుపెట్టాలి. రెండు వారాలైనా మానని పుండు ఉంటే ముందు క్యాన్సర్ కాదని తేల్చుకోండి.