బొచ్చె చేప చేదూ, కుంకుడు నురగా

పటమట, విజయవాడ

చిన్నికీ, బుజ్జిగాడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం చేప కోయిస్తూ అమ్మమ్మ "చేదు పగలకుండా చూడవయ్యా" అని నాలుగుసార్లు చెప్పింది, గుర్తుందా? అయినా పగిలింది. ఆ పచ్చటి రసం పడ్డ ముక్కని ఉప్పేసి, నిమ్మకాయ పిండి ఎంత కడిగినా చేదు వదల్లేదు. "అది మనకీ ఉంటుందా తాతయ్యా? మరి పేగులు పాడవ్వవా?" అని బుజ్జిగాడు అడిగాడు. ట్రైనుకి టైమైపోయి జవాబు చెప్పలేకపోయాను.

మనకీ ఉంటుందిరా. పైత్యరసం అంటాం. అందులోని పైత్య ఆమ్లాలను కాలేయం కొలెస్ట్రాల్‌తో తయారుచేస్తుంది. బొచ్చెలో ఉండేది అచ్చం ఇదే కాదు, దీనికి దగ్గరి చుట్టం. కొందరు మందని ఆ చేప చేదుని పచ్చిగా మింగి కిడ్నీలు పాడుచేసుకుంటారు. ఎవరు చెప్పినా అలాంటి పని చెయ్యకండి.

తలంటు రోజు కుంకుడు రసం కళ్ళలో పడి ఏడుస్తారే, అదీ ఇదీ ఒకే బాపతు. పైత్య ఆమ్లం అణువు చిన్న పలకలా ఉంటుంది. ఒక ముఖానికి నూనె ఇష్టం, రెండో ముఖానికి నీళ్ళు ఇష్టం. అందుకే మీరు పప్పులో వేసుకున్న నెయ్యిని సన్నటి బొట్లుగా విడగొట్టగలుగుతుంది.

చిక్కంతా ఇక్కడే. పేగు గోడలో ప్రతి కణం చుట్టూ ఉన్న పొర కూడా రెండు వరసల కొవ్వే. నెయ్యిని విడగొట్టేది ఆ పొరని ఊరికే వదులుతుందా? ఒట్టి పైత్య ఆమ్లాలే ఎక్కువగా పడితే వదలదు, పొర కరిగి చిరిగిపోతుంది. అందుకే కాలేయం వాటికి తోడుగా లెసిథిన్ అనే కొవ్వు పదార్థాన్ని కూడా పంపుతుంది. దానితో జట్టుకట్టాక వాటి దూకుడు తగ్గుతుంది. పైగా కాలేయం ఒక్కో ఆమ్లానికి గ్లైసీనో, టారీనో, ఏదో ఒక చిన్న అణువుని తోకలా తగిలిస్తుంది. ఆ తోకకి విద్యుదావేశం ఉంటుంది. దాంతో ఆమ్లం పొర మీద బల్లపరుపుగా అంటుకుంటుంది కానీ, లోపలి వరసలోకి దొర్లడం దాని వల్ల కాదు. తోక లేనివి మాత్రం వాటంతటవే దొర్లి లోపలికి జారిపోతాయి.

దొర్లలేకపోవడమే మనకి కలిసొచ్చింది. మీ అమ్మ పెళ్ళికి టెంట్ హౌస్ కుర్రాడొకడు గంటెలకీ బకెట్లకీ కాపలాగా వచ్చాడు. ఆఖరి బంతి లేచేదాకా వంటపందిరి దగ్గర్నుంచి కదల్లేదు. తోక ఉన్న ఆమ్లాలూ అంతే, చిన్నపేగు పొడవునా కొవ్వు పని చూస్తూ ఉంటాయి. వాటికి తలుపు ఉండేది చిట్టచివరి భాగంలోనే. ఆ తలుపు ఏఎస్‌బీటీ అనే ప్రోటీన్. ఒక్కో ఆమ్లాన్నీ రెండు సోడియం అయాన్లతో కలిపి లోపలికి తీసుకుంటుంది. కణం సోడియాన్ని ఎప్పుడూ బయటికి తోడి పోస్తుంటుంది కాబట్టి, ప్రకాశం బ్యారేజీ పైన నీళ్ళు నిలిచినట్టు బయట అది పోగుపడి ఉంటుంది. తలుపు తెరుచుకోగానే తోసుకొస్తుంది, ఆమ్లాన్నీ వెంట లాక్కొస్తుంది.

లోపల ఇంకో ప్రోటీన్ దాన్ని పట్టుకుంటుంది. వెనక తలుపు గుండా రక్తంలోకి, అక్కణ్ణుంచి మళ్ళీ కాలేయానికి. ఒంట్లో మొత్తం ఉండేది 2 నుంచి 4 గ్రాములే. అదే రోజుకి 4 నుంచి 12 సార్లు తిరుగుతుంది. నూటికి 95 తిరిగొస్తాయి. ఆ పెళ్ళిలో గంటెలు కూడా ఆ మాత్రం తిరిగి రాలేదు, తగ్గిన వాటికి నేనే డబ్బు కట్టాను. ఇక్కడ తగ్గిన వాటికి కాలేయం మళ్ళీ కొలెస్ట్రాల్ తీసి కొత్తవి చేస్తుంది.

రాత్రిళ్ళు నేను తాగే ఇసబ్‌గోల్ చూసి చిన్ని "జిగురు నీళ్ళు" అని మొహం చిట్లిస్తుంది కదా. ఆ జిగురు పేగులో కొన్ని ఆమ్లాలను పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. అప్పుడు కాలేయం ఇంకాస్త కొలెస్ట్రాల్ ఖర్చు పెట్టక తప్పదు. అమ్మమ్మ గ్లాసు కలిపి పిలుస్తోంది. ఆలస్యమైతే అది గడ్డకడుతుంది, ఉంటాను.

మీ తాతయ్య