కేసులు పెరిగితే ఊరు చెడిపోయినట్టేనా? డెల్టాలో పోలీసు పని: అపోహలు - వాస్తవాలు

కానిస్టేబుల్‌గా చేరి, సబ్ ఇన్‌స్పెక్టర్‌గా పదవీ విరమణ చేశాను. ఉద్యోగమంతా గోదావరి పాయల మధ్యే గడిచింది. వశిష్ఠకు ఇటు కొన్నేళ్లు, అటు కొన్నేళ్లు, మధ్యలో లంక గ్రామాల్లో. ఇప్పటికీ పెళ్లి పందిట్లోనో, టీ కొట్టు దగ్గరో కూర్చుంటే జనం అవే మాటలు అంటారు, అవే ప్రశ్నలు అడుగుతారు. కొన్ని నమ్మకాలు వినడానికి చిన్నవే అయినా, వాటివల్ల మనుషులు నిజంగా నష్టపోవడం నేను చూశాను. అందుకే రాస్తున్నాను.

అపోహ: "మా మండలంలో కేసులు పెరిగాయి, అంటే నేరాలు పెరిగాయి."

ఏడాది చివర జిల్లా ఎస్పీలు విలేకరులను పిలిచి ఆ సంవత్సరపు నేరాల లెక్క చెబుతారు. మర్నాడు పత్రికలో ఆ అంకె చూసి ఊళ్లో సగం మంది భయపడతారు, మిగతా సగం మంది పోలీసులను తిడతారు. కానీ అది జరిగిన నేరాల లెక్క కాదు, నమోదైన నేరాల లెక్క. రాత్రి దెబ్బలు తిని పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా కళ్లాపి చల్లిన ఇల్లాలు అందులో లేదు. కొబ్బరి దింపుకు ముందురోజు తోటలో కాయలు పోతే "పోనీలే, ఎవరి కడుపో నిండింది" అనుకున్న రైతు అందులో లేడు.

నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో ఏటా విడుదల చేసే లెక్కల్లోనూ ఒక పద్ధతి ఉంది. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు నేరాలు ఉన్నా, వాటిలో అన్నింటికన్నా తీవ్రమైన దానినే లెక్కిస్తారు. దొంగతనానికి వచ్చి మనిషిని చంపితే అది హత్య కిందికే వెళుతుంది. జనాభా ఎక్కువ ఉన్న జిల్లాను, తక్కువ ఉన్న జిల్లాను పోల్చాలంటే లక్ష మందికి ఎన్ని అన్నది చూడాలి. వట్టి అంకెలు పక్కపక్కన పెడితే తప్పుదారి పడతాం.

నన్ను అడిగితే రెండు అంకెలను మిగతావాటికన్నా ఎక్కువ నమ్మవచ్చు. ఒకటి హత్యలు, ఎందుకంటే శవాన్ని దాచడం కష్టం. రెండోది వాహన దొంగతనాలు, ఎందుకంటే ఎఫ్‌ఐఆర్ లేకపోతే బీమా డబ్బు రాదు. కుటుంబ హింస, ఆడపిల్లల మీద వేధింపులు, చిన్న దొంగతనాలు, ఆన్‌లైన్ మోసాలు, వీటి అంకెలు జనానికి స్టేషన్ మీద ఉన్న నమ్మకాన్ని బట్టి కూడా పైకీ కిందికీ పోతాయి.

ఇందులో నా తప్పు కూడా ఉంది, దాచను. నేను పనిచేసిన ఒక స్టేషన్లో అంకె పెరగకూడదన్న ఒత్తిడి ఉండేది. వచ్చిన ఫిర్యాదును పిటిషన్‌గానే ఉంచి, ఇద్దరినీ కూర్చోబెట్టి, రాజీ కాగితం మీద సంతకాలు పెట్టించి పంపిన రోజులున్నాయి. ఆ ఏడాది మా లెక్క చక్కగా కనిపించింది. అలా పంపిన ఒక అమ్మాయి ఎనిమిది నెలల తర్వాత కాలిన గాయాలతో ఆసుపత్రిలో కనిపించింది. బతికింది. కానీ ఆ మొదటి కాగితం మీద నా చేతిరాత ఉంది. ఆ తర్వాత మరో స్టేషన్లో ఆడవాళ్ల ఫిర్యాదులకు విడిగా మహిళా సిబ్బందిని కూర్చోబెట్టినప్పుడు, మరుసటి ఏడాది ఆ కేసులు పెరిగాయి. సమీక్ష సమావేశంలో ఎందుకు పెరిగాయని అడిగారు. "ఆడవాళ్లు రావడం మొదలుపెట్టారండి" అని చెప్పాను. నాకు తెలిసిన కారణం అదే.

అపోహ: "రేవు దాటితే మన స్టేషన్ వాళ్లు కేసు తీసుకోరు."

డెల్టాలో ఈ మాట పుట్టడానికి కారణం ఉంది. నరసాపురంలో పంటు ఎక్కి సఖినేటిపల్లి రేవులో దిగితే జిల్లా మారిపోతుంది. ఎదుర్లంక వంతెన దాటితే యానాం, అక్కడి పోలీసులు పుదుచ్చేరి వాళ్లు. బండి ఈ ఒడ్డున పోయిందో ఆ ఒడ్డున పోయిందో తేలక రెండు స్టేషన్ల మధ్య తిరిగి విసిగిపోయిన వాళ్లను చూశాను.

చట్టం ఇప్పుడు స్పష్టంగా ఉంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షన్ ప్రకారం, పోలీసులు నేరుగా కేసు పెట్టదగ్గ నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా చెప్పవచ్చు. దాన్ని జీరో ఎఫ్‌ఐఆర్‌గా రాసి, సంబంధిత స్టేషన్‌కు పంపడం మా పని, మీ పని కాదు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఫిర్యాదు పంపితే మూడు రోజుల్లో వచ్చి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్లో తీసుకోకపోతే అదే విషయాన్ని రాసి పోస్టులో ఎస్పీకి పంపవచ్చు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు. ఇలాంటి నేరాల్లో ఎఫ్‌ఐఆర్ నమోదు తప్పనిసరి అని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లోనే లలితా కుమారి కేసులో చెప్పింది.

అపోహ: "మనిషి కనిపించకపోతే ఇరవై నాలుగు గంటలు ఆగాలి."

ఆగనక్కరలేదు. ఏ చట్టంలోనూ ఆ గడువు లేదు. పిల్లలు తప్పిపోతే వెంటనే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013లో ఆదేశించింది. అడుగడుగునా కాలువ ఉన్న మన ఊళ్లలో మొదటి గంట విలువ వేరే చెప్పాలా? 112కు ఫోను చేయండి, ఆ తర్వాత బంధువులకు చేయండి.

అపోహ: "ఎస్సై గారు వచ్చి ఒక మాట చెబితే గట్టు తగాదా తేలిపోతుంది."

దీని గురించి ఎక్కువ రాయాలి. ఎందుకంటే మన వైపు కొట్లాటలు, తలలు పగలడాలు చాలావరకు నీళ్ల దగ్గరా గట్టు దగ్గరా మొదలవుతాయి. వేసవిలో కట్టేసిన కాలువలకు నీళ్లు వదలగానే స్టేషన్‌కు మనుషులు రావడం మొదలవుతుంది. పై రైతు బోదెకు అడ్డుకట్ట వేశాడని శివారు రైతు వస్తాడు. రొయ్యల చెరువు ఉప్పునీరు పంట బోదెలోకి వదిలారని వరి రైతు వస్తాడు. అన్నదమ్ములిద్దరూ గట్టు మీద ఉన్న ఒక్క కొబ్బరి చెట్టు కోసం వస్తారు.

గట్టు ఎవరిదో చెప్పే అధికారం పోలీసుకు లేదు. హద్దు కొలిచేది సర్వేయరు, హక్కు తేల్చేది సివిల్ కోర్టు. ఎస్సై పెద్దమనిషి అవతారం ఎత్తి భూమి పంచాయితీ చేస్తే, ఓడిన వాడు జీవితంలో మళ్లీ స్టేషన్ మెట్లు ఎక్కడు. పైగా ఆ మాట కోర్టులో చెల్లదు. ఇద్దరికీ అన్యాయం చేసినట్టే.

మరి మా దగ్గరికి ఎందుకు రావాలి? గొడవ దెబ్బల దాకా వెళ్లేలా ఉందని చెప్పడానికి రావాలి. అప్పుడు మేం చేయగలిగినవి ఉన్నాయి. శాంతికి భంగం కలిగేలా ఉంటే ఇరువర్గాలనూ తహసీల్దారు ముందు బైండోవర్ చేయించవచ్చు, అంటే గొడవ పడబోమని పూచీకత్తు రాయించవచ్చు. స్వాధీనం గురించి గొడవ ముదిరితే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు నివేదిక పంపవచ్చు. బీట్ కానిస్టేబుల్ నాలుగు రోజులు ఆ చేను వైపు వెళ్లి నిలబడవచ్చు. ఒక ఊళ్లో అన్నదమ్ముల గొడవలో పలుగు దెబ్బ తగిలి తమ్ముడి కుడి చేయి పని చేయకుండా పోయింది. వాంగ్మూలం తీసుకుంటుంటే వాళ్ల అమ్మ అంది: "వారం నుంచి పలుగు మంచం కింద పెట్టుకుని పడుకుంటున్నాడయ్యా." వారం ముందు ఆ తల్లి ఎవరితోనైనా ఆ ఒక్క మాట అని ఉంటే! ఆమె అనలేదు, ఎందుకంటే పోలీసులు అన్నీ అయిపోయాక వచ్చేవాళ్లని ఆమెకు మేమే నేర్పాం.

అపోహ: "ప్రజల భాగస్వామ్యం అంటే పోలీసులకు చాడీలు చెప్పడం."

సమావేశం, దండలు, ఫొటో, మర్నాడు పత్రికలో వార్త, అంతేనని అనుకునే వాళ్లూ ఉన్నారు. అలా ముగిసిన సమావేశాలు నేనూ పెట్టాను. కానీ ఆ పని ఉద్దేశం వేరు. ఊళ్లో ప్రతి ఇంటికీ బీట్ కానిస్టేబుల్ ముఖం తెలియాలి, విషయం ముదరకముందే మా చెవిన పడాలి, చెప్పిన మనిషికి మేం ఏం చేశామో తిరిగి చెప్పాలి. ఈ మూడోదాన్ని మేం ఎక్కువగా మరిచిపోతాం. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోపు ఫిర్యాదుదారుకు తెలియజేయాలని ఇప్పుడు చట్టమే అంటోంది. అడగండి, అది మీ హక్కు.

పల్లె నిద్ర కార్యక్రమంలో ఒకసారి ఒక లంక గ్రామంలో బడి వరండాలో పడుకున్నాం. సాయంత్రం సభలో నలుగురు నాయకులు మాట్లాడారు, ఊరు ప్రశాంతంగా ఉందన్నారు. పొద్దున్నే కుళాయి దగ్గర ఆడవాళ్లు అసలు సంగతి చెప్పారు. ఏటిగట్టు మీద దీపాలు లేవు, రేవు మెట్ల మీద సాయంత్రాలు తాగి కూర్చుంటున్నారు, హైస్కూలు నుంచి సైకిళ్ల మీద వచ్చే పిల్లలు చుట్టు తిరిగి వస్తున్నారు. ఇద్దరు ఆడపిల్లలను బడి మాన్పించే ఆలోచనలో ఉన్నారు కూడా. ఇది ఏ రికార్డులోనూ లేదు. పంచాయతీ దీపాలు వేయించింది, మేం బీట్ సమయాన్ని బడి వదిలే వేళకు మార్చాం. ఒక్క కేసూ నమోదు కాలేదు కాబట్టి ఏ లెక్కలోనూ ఆ పని కనబడదు. నా ఉద్యోగంలో చేసిన మంచి పనుల్లో అదొకటని మాత్రం నాకు తెలుసు.

శాంతి సంఘం సమావేశంలో కుర్చీలు ఎవరివో చూడండి. ముందు వరుసలో ఎప్పుడూ ఆ పదిమందే ఉంటే అది ఊరితో భాగస్వామ్యం కాదు, ఆ పదిమందితో స్నేహం. దళితవాడలో జరిపే పౌర హక్కుల దినానికి వెళ్లి వినాలి, సంతకాల పుస్తకం నింపి రావడం కాదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద కేసు పెట్టడానికి ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదని 2018 సవరణ చెప్పిన సంగతి ఆ వాడల్లో చాలామందికి తెలియదు. తెలియజేయాల్సింది మేమే.

అపోహ: "సంక్రాంతి మూడు రోజులూ చట్టానికి సెలవు."

లేదు. కోళ్లకు కత్తులు కట్టి పందేలు వేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. డబ్బు పందెం 1974 నాటి గేమింగ్ చట్టం కిందికి వస్తుంది. హైకోర్టు ఆదేశాలు ఉన్నాయి, మేం నోటీసులు ఇస్తాం, బరులు చదును చేస్తాం, అయినా జరుగుతున్నాయి. జరగడం వల్ల చట్టబద్ధం కాదు. పండగ నాకూ ఇష్టమే, జగ్గన్నతోట ప్రభల తీర్థంలో డ్యూటీ వేస్తే అదృష్టంగా భావించేవాణ్ణి. కానీ కనుమ వెళ్లిన వారానికి పుస్తెలు తాకట్టు పెట్టిన భర్త మీద ఫిర్యాదుతో వచ్చే భార్యలను కూడా నేనే చూశాను.

అపోహ: "చదువుకున్న వాళ్లు మోసపోరు, పోయిన డబ్బు తిరిగి రాదు."

రెండూ తప్పే. రొయ్యల పట్టుబడి డబ్బు ఖాతాలో పడిన రైతు, విశ్రాంత ఉపాధ్యాయుడు, కొడుకు విదేశంలో ఉన్న తల్లి, వీళ్లందరికీ వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకున్న మనిషి కనిపించి "మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు" అంటాడు. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదు. ఏ పోలీసూ ఫోనులో అరెస్టు చేయడు, ఖాతాలో డబ్బు వేయమని అడగడు.

డబ్బు పంపేశాక తెలిస్తే వెంటనే 1930కి ఫోను చేయండి. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు, అక్కడి నుంచి ఇంకో నాలుగింటికి గంటల్లో మారిపోతుంది. ఎంత తొందరగా చెబితే బ్యాంకు అంత ఎక్కువ మొత్తాన్ని ఆపగలదు. సిగ్గుతో మూడు రోజులు ఇంట్లో కూర్చున్న వాళ్ల డబ్బే ఎక్కువగా పోయింది. ఇంకో మాట, కమీషన్‌కు ఆశపడి తమ బ్యాంకు ఖాతాను ఎవరికో వాడుకోవడానికి ఇచ్చే కుర్రాళ్లు డిగ్రీ కాలేజీల్లో ఉన్నారు. దొంగ సొమ్ము ఆ ఖాతాలో పడితే ముందు తలుపు తట్టేది ఆ ఇంటినే.

అపోహ: "దొంగతనాలు చేసేది బయటి నుంచి వచ్చిన వాళ్లే."

చెరువుల దగ్గర మోటార్లు, ఏరియేటర్లు పోయినా, ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి రాగి తీగ తీసినా, మొదటి అనుమానం రొయ్యల పనులకు ఒడిశా నుంచి వచ్చిన కూలీల మీదకు పోతుంది. నేను పట్టుకున్న మోటారు దొంగల్లో ఎక్కువమంది ఆ చెరువు దారులు బాగా తెలిసిన వాళ్లు, కొన్నిసార్లు పాత కాపలాదార్లు. రాత్రిపూట ఏ చెరువు మీద మనిషి ఉండడో బయటివాడికి ఎలా తెలుస్తుంది?

ఈ అనుమానం ప్రమాదకరం. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లు ఫోన్లలో పాకి, దేశంలో చాలాచోట్ల అమాయకులను జనం కొట్టి చంపారు. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో భాష, పుట్టిన ప్రాంతం, కులం వంటి కారణాలతో ఐదుగురు లేదా అంతకు మించి కలిసి మనిషిని చంపితే మరణశిక్ష లేదా యావజ్జీవం ఉంది. ఫోనులో వచ్చిన సందేశం ఊరిని ఎంత దూరం తీసుకుపోగలదో జిల్లా పేరు మార్పు గొడవలో 2022 మే 24న అమలాపురంలో చూశాం. ఇళ్లకు నిప్పు పెట్టారు, ఇంటర్నెట్ ఆపేయాల్సి వచ్చింది.

ఒక రాత్రి ఒక చెరువు దగ్గర అలాగే ఒక ఒడిశా కుర్రాడిని కట్టేసి కొట్టారు. బీట్ కానిస్టేబుల్‌కు ఆ ఊరి పాలవాడు ఫోను చేశాడు, మేం వెళ్లేసరికి ఇంకా బతికే ఉన్నాడు. పోయిన మోటారు రెండు రోజులకు పక్క ఊరి పాత ఇనుప సామాన్ల కొట్టులో దొరికింది, అమ్మింది చెరువు యజమాని దగ్గర పనిచేసిన వాడే. ఆసుపత్రిలో వాంగ్మూలానికి కూర్చున్నప్పుడు ఆ కుర్రాడు మొదట అడిగింది, కేసు పెట్టడం తనకు కుదురుతుందా అని. తనది ఈ రాష్ట్రం కాదు కదా అన్నాడు. కుదురుతుందని చెప్పి రాసుకున్నాం. ఎఫ్‌ఐఆర్ నకలు తెలుగులో ఉంది, అతనికి చదవడం రాదు. మా స్టేషన్లో ఒడిశా సరిహద్దున ఉన్న ఇచ్ఛాపురం నుంచి వచ్చిన కానిస్టేబుల్ ఉండేవాడు. మంచం పక్కన కూర్చుని మొదటి అక్షరం నుంచి సంతకం దాకా ఒరియాలో చెప్పాడు. అంతా విని, ఆ కుర్రాడు తన పేరు రాసిన చోటు ఎక్కడుందో చూపించమన్నాడు.