పన్నెండు అక్షరాల 'చమ్లీ'

చిరంజీవులు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

ఇంగ్లండులో అరుదుగా వినబడే ఒక ఇంటిపేరుంది. ఇంగ్లీషులో రాస్తే Cholmondeley, పన్నెండు అక్షరాలు. ఉన్నదున్నట్టు చదివితే 'చోల్మొండెలీ'. కానీ ఆ ఇంటివాళ్లు పలికేది 'చమ్లీ' అని! తెలియనివాళ్లు పేరంతా కష్టపడి పలుకుతారు పాపం.

మన కొండపల్లి, మంగళగిరి లాగే ఇదీ ఊరిపేరే. ఆ ఊరు ఇంగ్లండులోని చెషైర్ ప్రాంతంలో ఉంది. 1066లో ఇంగ్లండును గెలిచిన విలియం రాజు, ఇరవై ఏళ్లకి ఊరూరా భూముల లెక్కలు రాయించాడు. 1086 నాటి ఆ డూమ్స్‌డే చిట్టాలో ఈ ఊరు 'కాల్ముండెలెయ్' అని ఉంది. అంటే చెయోల్మండ్ అనే ఆసామి అడవి కొట్టి చదును చేసుకున్న నేల. తర్వాత ఆ భూములు ఏలిన కుటుంబం ఊరిపేరునే ఇంటిపేరు చేసుకుంది.

రోజూ పలికే పేరు ఎన్నాళ్లని పూర్తిగా పలుకుతారు? మధ్యలోని లకారం, నకారం, డకారం జారిపోయాయి. రాత మాత్రం అలాగే ఉండిపోయింది. దస్తావేజుల్లో పేరు మార్చితే ఆస్తికి చిక్కని భయపడి ఉంటారని నా ఊహ. కొన్ని శాఖలవాళ్లు రాత కూడా తగ్గించుకున్నారు. 1565లో లండన్‌లో హైగేట్ స్కూలు పెట్టిన సర్ రోజర్ చమ్లీ ఇంటిపేరు రాతలో న, డ లేవు.

ఈ కుటుంబానికి చెందిన ఒక బొమ్మ లండన్‌లోని టేట్ గ్యాలరీలో ఉంది. 1600-1610 ప్రాంతంలో వేసింది. ఇద్దరు ఆడవాళ్లు మంచం మీద పక్కపక్కనే కూర్చుని, ఎర్రబట్టలో చుట్టిన పసిబిడ్డల్ని పట్టుకుని ఉంటారు. ఇద్దరూ ఒకే రోజు పుట్టారనీ, ఒకే రోజు పెళ్లాడారనీ, ఒకే రోజు ప్రసవించారనీ బొమ్మ మీదే రాసి ఉంది. మొదట అచ్చు గుద్దినట్టే అనిపిస్తారు. తీరిగ్గా చూస్తే కళ్ల రంగు వేరు, నగలు వేరు, లేసు అల్లిక వేరు. నెట్‌లో వెతికి, తేడాలు ఎన్ని దొరికాయో నాకు రాయండి.

మన దేశంతోనూ ఈ పేరుకి చిన్న సంబంధం ఉంది. 1855లో థామస్ చమ్లీ అనే ఆయన అమెరికాలోని స్నేహితుడు, రచయిత హెన్రీ డేవిడ్ థోరోకి 44 సంపుటాల పుస్తకాలు పంపాడు. వాటిలో ఉపనిషత్తులు, భగవద్గీత, విష్ణుపురాణం అనువాదాలున్నాయి. థోరో వాటికోసం నదిలో కొట్టుకొచ్చిన చెక్కలతో సొంతంగా బీరువా చేసుకున్నాడు.

ఉంటాను.
మీ తాతయ్య